సుగ్గి మూటలో నాలుగు పుస్తకాలు

'మీ బడిలో లైబ్రరీ ఉందా?' అని ఏ పిల్లాడినైనా అడగండి. ఉందనే చెబుతాడు. ఎక్కడా అంటే హెడ్మాస్టరు గదివైపు చెయ్యి చూపిస్తాడు. అక్కడో ఇనుప బీరువా. దానికో తాళం. ఆ తాళంచెవి ఏ సారు దగ్గరుందనేది మాత్రం అంత తేలిగ్గా తేలే విషయం కాదు!

పాపం, సార్లను అని లాభం లేదు. వాళ్ల భయం వాళ్లది. పుస్తకం పోతే స్టాక్ రిజిస్టరులో లెక్క ఎవరు చూపాలి? డబ్బు ఎవరు కట్టాలి? అంతకంటే బీరువాలో ఉంటేనే భద్రం అనుకుంటారు. చెదలకూ అదే కావాలి. పుస్తకాలున్నది వాడుకోవడానికేనని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే తన ఐదు సూత్రాల్లో మొదటిదిగా రాసిపెట్టారు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిబంధనలు (2017) కూడా, మోసం, నిర్లక్ష్యం లేనప్పుడు వెయ్యి పుస్తకాలు చేతులు మారితే ఏడాదికి ఐదు పోవడం సహజమేనని ఒప్పుకున్నాయి. రాష్ట్ర బడులకు ఆ నిబంధన నేరుగా వర్తించదనుకోండి. కానీ ఢిల్లీలోని లెక్కల వాళ్లకే లేని పట్టింపు పల్లెటూరి బడికెందుకు?

సరే, తాళం తీశారు. ఆ తర్వాత? చాలాచోట్ల కథ ఇక్కడే ఆగిపోతుంది. నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు. ఒక వ్యాసరచన, ఒక వక్తృత్వం, ఎప్పుడూ గెలిచే ఆ ముగ్గురికే మళ్లీ బహుమతులు. మిగతా నలభై మందీ చప్పట్లు కొట్టి ఇంటికెళతారు. 2020 నవంబరులో రాష్ట్రంలో 'వియ్ లవ్ రీడింగ్' పేరుతో ఉద్యమంలా మొదలుపెట్టారు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయినిబట్టి 5 వేల నుంచి 20 వేల రూపాయల దాకా లైబ్రరీ గ్రాంటు ఇవ్వాలని 2018లో పెట్టుకున్నారు. పుస్తకాలు కొనడం కష్టం కాదు. పిల్లాడి చెయ్యి వాటిమీద పడేలా చేయడమే కష్టం.

మంత్రాలయం లాంటి ఊళ్లో అయితే ఆ పని వీధిలోంచే మొదలుపెట్టొచ్చు. తుంగభద్ర దాటితే రాయచూరు జిల్లా. రాఘవేంద్రస్వామి దర్శనానికి వచ్చేవాళ్లలో కన్నడిగులు బోలెడు మంది. మఠం వీధిలో తెలుగు, కన్నడం పక్కపక్కనే కనిపిస్తాయి. పిల్లల్ని జట్లుగా విడదీసి, ఓ శనివారం మధ్యాహ్నం బోర్డుల వేటకు పంపితే ఎలా ఉంటుంది? ఒకే మాటను రెండు లిపుల్లో రాసుకురావాలి. లైబ్రరీ గోడమీద అతికించి చూస్తే రెండూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. ఎక్కడ తలకట్టు మారింది, ఏ అక్షరం అచ్చంగా ఒక్కటే అని వాళ్లే పట్టేస్తారు. ఇంట్లో కన్నడం మాట్లాడుతూ బడిలో తెలుగు చదివే పిల్లలు ఈ ప్రాంతంలో ఉన్నారు. మిగతా రోజుల్లో వెనక బెంచీలో కూచునేవాడు ఆ రోజు మేస్టారైపోతాడు! రెండు భాషల కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన 'స్టోరీవీవర్'లో ఉచితంగా దొరుకుతాయి.

తలుపుమీద వారానికో ప్రశ్న అంటించడం మరో పని. 'మన ఊరి పాత పేరేంటి?' మంచాల అని అవ్వ చెబుతుంది. బాగానే ఉంది. మరి ఏ పుస్తకంలో ఉంది? అది వెతకాలి. మన్రో దొరకు స్వామి బృందావనం నుంచి దర్శనమిచ్చి మాట్లాడారని భక్తులు చెప్పుకునే కథ ఇక్కడ తెలియనివాళ్లుండరు. మన్రో ఎవరు? దత్తమండలాలకు కలెక్టరుగా ఎప్పుడు చేశాడు? 1800 నుంచి 1807 వరకు అని పుస్తకాల్లో దొరుకుతుంది. నమ్మకం జోలికి వెళ్లక్కర్లేదు. అవ్వ చెప్పింది ఒక కాగితంమీద, పుస్తకం చెప్పింది ఇంకో కాగితంమీద రాసి పక్కపక్కన పెడితే చాలు. రెంటికీ తేడా ఏంటో పదో తరగతి పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అన్నిటికంటే గట్టిది మాత్రం పిల్లలే పుస్తకం రాయడం. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. మఠంలోకీ నీళ్లొచ్చాయి. ఇప్పుడు బడిలో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి పుట్టనేలేదు. ఇంట్లో పెద్దవాళ్లను మూడే మూడు ప్రశ్నలు అడిగి రమ్మనాలి. నీళ్లు ఎంతదాకా వచ్చాయి? చేతికందింది ఏం పట్టుకుని పరుగెత్తారు? ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు? జవాబులు వాళ్ల మాటల్లోనే, వాళ్ల యాసలోనే రాసి, బొమ్మలు వేసి, సూదీదారంతో కుట్టి, స్టాక్ రిజిస్టరులో నంబరేసి బీరువాలో పెట్టాలి. తోటివాడి పేరు అట్టమీద కనిపిస్తే తెరిచి చూడని పిల్లాడుంటాడా?

ఇవన్నీ బడికొచ్చే పిల్లలకు. మరి రానివాళ్లకు?

మంత్రాలయం, కోసిగి, పెద్దకడబూరు పల్లెల్లో వానలు మొహం చాటేస్తే పనులుండవు. ఇళ్లకు తాళాలు పడతాయి. పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, మట్టిపనికి, కాంక్రీటు పనికి బెంగళూరు వైపు వెళతారు. 'సుగ్గికి పోతుండాం' అంటారు ఇక్కడ. మళ్లీ ఉగాదికి అటూఇటూగా రాక. పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టినా, చంటి తమ్ముణ్ని ఎవరు ఎత్తుకోవాలన్న ప్రశ్న దగ్గర ఆడపిల్ల చదువు ఆగుతుంది. నెలల తరబడి అక్షరం కనపడకపోతే చదవడం వచ్చిన పిల్లకైనా నాలుక తడబడుతుంది. తిరిగొచ్చాక క్లాసులో నోరు విప్పడానికి సిగ్గు. ఆ సిగ్గే చాలామందిని బడికి దూరం చేస్తుంది.

లైబ్రరీ ఊరుదాటి వెళ్లడం మనకు కొత్తేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వైపు కాలువలో పడవమీద పుస్తకాలు తీసుకెళ్లి ఊరూరా పంచారు. ఆ ఊళ్లు అప్పటి గుంటూరు జిల్లావే. మన సుగ్గి బళ్లు వెళ్లేదీ అటే! కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ రెండు భుజాలమీద మోశారు. చదువుకున్నవాడు చదువు రానివాడికి చదివి వినిపించాలన్నది ఆ రోజుల్లో మామూలు సంగతి.

అందుకే సుగ్గికి బయల్దేరే ప్రతి పిల్లకూ ఒక గుడ్డసంచి. అందులో తమ్ముడికి చూపించడానికి బొమ్మల పుస్తకం ఒకటి, తను చదువుకోవడానికి రెండు, ఇవిగాక ఒక తెల్లకాగితాల నోటుబుక్కు. రాత్రి గుడిసెలో సెల్‌ఫోను లైటు కింద అమ్మకు ఓ పేజీ చదివి వినిపిస్తే నోటుబుక్కులో ఆ తేదీ వేసి, అమ్మ వేలిముద్రో సంతకమో తీసుకోవాలి. చేలో కొత్తగా విన్న మాటలు, గుంటూరోళ్లు దేన్ని ఏమంటారో కూడా అందులోనే రాసుకోవాలి. తిరిగొచ్చాక ఆ నోటుబుక్కు లైబ్రరీలో నాలుగో పుస్తకం అవుతుంది.

సంచిలు కుట్టడం బడి కమిటీలోని తల్లులకు ఒక్క పూట పని. పాత చీరలైనా సరిపోతాయి. దసరా సెలవులకు ముందే ఎవరెవరు వెళ్తున్నారో కనుక్కుని ఇవ్వాలి. వెళ్లాక ఇవ్వలేరు కదా. ఇక రిజిస్టరులో తిరిగిచ్చే తేదీ గడి ఉంటుంది. అక్కడ పదిహేను రోజులని రాయకుండా 'ఉగాది తర్వాత' అని రాసుకోవాలి. అట్ట చిరిగినా, పేజీలకు మిరప ఎరుపు అంటినా 'వాపసు' అనే రాసుకోవాలి.