కొరియావారి భోజనపు బల్ల



బీచుపల్లి వద్ద కృష్ణానదిని దాటే పెద్ద రోడ్డును మన పెద్దలలో కొందరు ఇప్పటికీ ఏడో నంబరు రోడ్డు అనే అంటారు. ఇప్పుడు దాని నంబరు 44. ఎర్రవల్లి చౌరస్తా, అలంపూర్ చౌరస్తా, కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా అది పెనుకొండకు, అక్కడినుండి బెంగుళూరుకు పోతుంది. పాలమూరు కూలీలు తట్టా పారా పట్టుకొని దూరదేశములకు వెళ్ళిన రోడ్లలో ఇది ఒకటి. ఇప్పుడు ఐ.టి.ఐ., డిప్లొమా చదివిన మన పిల్లలు కూడా సంచి భుజాన వేసుకొని ఇదే రోడ్డున పనికి వెళ్ళుచున్నారు.

పెనుకొండ ప్రక్కన ఎర్రమంచి గ్రామము వద్ద కొరియా దేశపు కియా కంపెనీవారు 536 ఎకరములలో కార్ల ఫ్యాక్టరీ కట్టారు. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వముతో ఒప్పందము జరిగింది. 2019 ఆగస్టులో అమ్మకపు కార్ల తయారీ మొదలైంది. ఏటికి మూడు లక్షల కార్లు చేయగలిగేటట్లు మొదట కట్టిన ఫ్యాక్టరీ అది. దాని వెంట విడిభాగముల కంపెనీలు, వాటి వెంట కొరియా ఉద్యోగులు వచ్చారు. మనుష్యులు ఎక్కడికి వస్తే వారి వంట కూడా అక్కడికి వస్తుంది గదా! ఆ వైపున కొరియా అక్షరముల బోర్డులతో చిన్న చిన్న భోజనశాలలు వెలిశాయి. మద్రాసు ప్రక్కన 1998లో హ్యుందాయ్ కార్ల తయారీ మొదలైన తరువాత ఆ నగరములోనూ ఇదే జరిగింది. హైదరాబాదు, బెంగుళూరులలోనైతే కొరియా సీరియళ్ళు చూసి ముచ్చటపడే కాలేజీ పిల్లల కోసమే కొరియా కెఫేలు తెరిచారు.

ఇక తల్లిదండ్రులకు దిగులు. "మావాడిని తోటి ఉద్యోగులు కొరియా హోటలుకు తీసుకొనిపోయారట. అక్కడ ఏమి పెడతారో, వీడు ఏమి తిన్నాడో!" అనుకొనే తల్లులు ఉన్నారు. కుక్క మాంసము గురించిన మాట కూడా ఎవరో ఒకరు చెవిలో వేస్తారు. ఆ దేశములో అది కొందరి పాత అలవాటు. దానికోసము కుక్కలను పెంచుట, చంపుట, అమ్ముట నిషేధిస్తూ దక్షిణ కొరియా పార్లమెంటు 2024 జనవరిలో, మూడేండ్ల గడువు పెట్టి, చట్టము చేసింది. మన పిల్లల ముందుకు వచ్చేవి అన్నము, కూరగాయలు, గ్రుడ్డు, కోడి, చేప, పంది మాంసము, కొన్నిచోట్ల పెద్దకూర. ఏది తినాలో ఏది వద్దో వారివారి ఇష్టము. "ఇది ఏ మాంసము?" అని ముందే అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

నిజానికి ఆ బల్ల మీద మనకు తెలియనిది తక్కువ. నడుమ అన్నమే. మనవలె వారు కూడా ఎదురైనవారిని "అన్నం తిన్నారా?" అని పలకరిస్తారు. తల్లిని పిల్లలు "ఒమ్మా" అంటారు, తండ్రిని "అప్పా" అంటారు. అన్నము ప్రక్కన ఎప్పుడూ ఉండేది కిమ్చి. మనము ఎండకాలములో ఆవకాయ పెట్టినట్లు, వారు చలికాలము రాకముందు ఇంటింటా క్యాబేజీ, ముల్లంగి ఉప్పులో ఊరవేసి, కారము, వెల్లుల్లి, అల్లము పట్టించి జాడీలకెత్తుతారు. పూర్వము ఆ జాడీలను భూమిలో పాతిపెట్టేవారు. బంధువులు, ఇరుగుపొరుగువారు కూడి చేసే ఈ పనిని 'కిమ్‌జాంగ్' అంటారు. 2013లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వపు జాబితాలో చేర్చింది. కిమ్చిలో మామూలుగా ఊరిన రొయ్యలో, చేపల రసమో పడుతుంది గనుక శాకాహారులు అడిగి తినవలెను.

ఆ కారము చూసి మనవాళ్ళు సంతోషిస్తారు. కాని మిరపకాయ మనదీ కాదు, వారిదీ కాదు. అమెరికా ఖండములో పుట్టి, పోర్చుగీసువారి ఓడలలో తూర్పు దేశములకు వచ్చినది. ఈనాడు అది లేకుండ మన పచ్చడి లేదు, వారి కిమ్చి లేదు. ఒకప్పుడు పరాయిదైన రుచి ఇంటి రుచి అగుటకు కాలము పడుతుంది, అంతే.

మొదటిసారి వెళ్ళేవారికి 'బిబింబాప్' సులువు. గిన్నెలో అన్నము, దాని మీద వేయించిన కూరగాయలు, గ్రుడ్డు, ఎర్రటి కారపు ముద్ద, నువ్వులనూనె ఉంటాయి. అంతా చెంచాతో కలుపుకొని తినుటే. 'కింబాప్' అంటే సముద్రపు నాచును కాగితమువలె ఎండబెట్టి, దానిలో అన్నము చుట్టి ముక్కలు కోసినది. ఇక బల్ల మీదనే పొయ్యి పెట్టి మాంసము కాల్చుకొనుట ఒకటి కలదు. కాలిన ముక్కను పచ్చి ఆకులో పెట్టి, వెల్లుల్లి రెబ్బ చేర్చి, చుట్టి, చేతితోనే ఒక్క ముద్దగా నోట పెట్టుకొంటారు. ఇష్టమైనవారికి ఆ ముద్ద చుట్టి అందిస్తారు కూడా. కారము మీద ధైర్యము ఉన్నవారు బియ్యపు పిండి ముక్కలను ఎర్రటి పులుసులో ఉడికించిన 'తొక్‌పొక్కి' తినవచ్చును.

అన్నముతోపాటు చిన్న చిన్న గిన్నెలలో నాలుగైదు రకముల నంజుళ్ళు వస్తాయి. వాటికి వేరే డబ్బు తీసుకోరు. అయిపోతే అడిగితే మళ్ళీ పెడతారు. అసలు వంటకముల ధర మాత్రము మన భోజనము హోటలుకంటె ఎక్కువే గనుక పట్టిక చూసి చెప్పవలెను. ఇనుప పుల్లలతో తినుట రాకపోతే చెంచా ఉన్నది. అన్నము వారూ చెంచాతోనే తింటారు. పెద్దవారు మొదలుపెట్టిన తరువాతే చిన్నవారు చెయ్యి చాస్తారు. పెద్దలకు ఇచ్చునప్పుడు, వారినుండి పుచ్చుకొనునప్పుడు రెండు చేతులు వాడతారు. అన్నములో చెంచాను నిలువుగా గ్రుచ్చరాదు. అది చావు ఇంటి ఆచారము. మద్యము పోయబోతే చిరునవ్వుతో "నేను పుచ్చుకోను" అంటే చాలును. కొరియాలో 2015 జనాభా లెక్కల ప్రకారము దాదాపు అయిదుగురిలో ఒకరు ప్రొటెస్టెంటు క్రైస్తవులు. వారిలో మద్యము ముట్టనివారు, భోజనమునకు ముందు తల వంచి ప్రార్థించేవారు అనేకులు గనుక ఈ రెండూ ఆ బల్ల దగ్గర వింత కాదు.

నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆ బల్ల నడుమ పెట్టే పులుసు గిన్నె గురించి. ఒకే గిన్నె. చుట్టూ కూర్చున్నవారందరి చెంచాలు అందులోకే పోతాయి. ఇప్పుడు చాలచోట్ల గరిటె, విడి గిన్నెలు ఇస్తున్నారు, అడిగినా ఇస్తారు. శుభ్రత కోసము అడుగుట తప్పు కాదు. అయినను అక్కడ మేనేజరు ఒక గిన్నె, పనివాడు ఒక గిన్నె అనే లెక్క లేదు. కుటుంబమును వారు 'షిక్కు' అంటారు. ఆ మాటకు అర్థము 'తినే నోళ్ళు'. కలిసి తినేవారే కుటుంబము!

ఇది చదివి "వారు మొదటినుండి అంత మంచివారు, మన ఖర్మ ఇట్లున్నది" అనుకోవద్దు. పూర్వము కొరియాలోనూ పెద్ద కులస్థుడు తన చిన్న పీటబల్ల ముందు ఒంటరిగా తినేవాడు. ఆడవారు వేరుగా, తరువాత తినేవారు. పశువులను కోసి మాంసము అమ్మే 'పెక్‌చోంగ్' అనువారిని అంటరానివారిగా ఊరి అంచున ఉంచారు. పెద్దమనిషి పెట్టుకొనే నల్ల టోపీ వారికి నిషేధము. 1894లో ప్రభుత్వము ఆ భేదమును రద్దు చేసింది. కాని కాగితము మీద పోయినది మనసులో పోలేదు.

ఆ రోజులలో సియోల్ నగరములో జరిగిన సంగతి మన సంఘములు వినదగినది. 1893లో పాక్ సొంగ్‌చున్ అనే పెక్‌చోంగ్ జ్వరముతో చావుబ్రతుకులలో ఉంటే, రాజుగారికి వైద్యము చేసే డాక్టర్ ఎవిసన్ అతని గుడిసెకు వచ్చి చూశాడు. కోలుకొన్న పాక్, శామ్యూల్ మూర్ అనే మిషనరీ నడిపే సంఘములో చేరాడు. పెద్ద కులములవారు అతనితో కూర్చోలేమన్నారు. కనీసము తమకు ముందు వరుస వేరుగా ఇమ్మన్నారు. మూర్ ఒప్పుకోలేదు. వారు లేచిపోయి వేరే సంఘము పెట్టుకొన్నారు. మూడేండ్లు గడిచాక రెండు సంఘములు మళ్ళీ ఒకటైనవి. 1911లో ఆ పాక్ అదే సంఘమునకు పెద్ద అయ్యాడు. అతని కుమారుడు 1908లో సెవరెన్స్ వైద్య పాఠశాలనుండి మొదట పట్టము పొందిన ఏడుగురు డాక్టర్లలో ఒకడు. ఈనాడు మన పిల్లలు కూర్చునే ఆ బల్ల ఆకాశమునుండి దిగలేదు. వరుసలు వేరు చేయనని ఒకరు పట్టుపట్టిన చోట, లేచిపోయినవారు తిరిగి వచ్చి కూర్చున్న చోట అటువంటి బల్ల తయారైనది.

మన సంగతి ఏమిటి? టీ కొట్టులో కొందరికి గాజు గ్లాసు, కొందరికి విడిగా ఉంచిన గ్లాసు, తాగినవాడే కడిగి బోర్లించవలెనను రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెలకు క్రొత్త కాదు. రాజ్యాంగము 17వ అధికరణము అంటరానితనమును తీసివేసింది. హోటలులో అటువంటి భేదము చూపుట 1955 చట్టము ప్రకారము నేరము. మన తాతలు ఎందరో ఆ విడి గ్లాసులో తాగినవారే. ఆ ఇండ్ల మనుమడు ఈనాడు పెనుకొండలో పై అధికారితో ఒకే గిన్నెలో చెంచా పెట్టి తిని, సెలవుకు బస్సు ఎక్కి ఊరికి వస్తాడు. ఊరిలో అతనికి ఏ గ్లాసు ఇస్తారు? ఇది కొందరికి చిన్న ప్రశ్నగా తోచవచ్చును. ఆ పిల్లవానికి చిన్నది కాదు.

ఇతరులను అనుటకు ముందు మన గడపలు చూసుకొందము. పెండ్లి విందులో మనము కూడ ఉపకులము చూసి వరుసలు వేయుట లేదా? కళ్ళము పనికి వచ్చినవారికి ఆకు ఎక్కడ వేయుచున్నాము? ఇంటిలో అందరూ తిన్న తరువాత, కుండ అడుగున మిగిలినదానితో సరిపెట్టుకొనే తల్లి మన 'షిక్కు'లో లేదా?

గనుక ఈ నెలలో రెండు పనులు చేయుడి. వారములో ఒక రాత్రి జొన్నరొట్టెలు ముందే కాల్చి పెట్టుకొని, కూర నడుమ పెట్టుకొని, తల్లితో సహా అందరూ ఒకేసారి కూర్చోండి. వడ్డన ఒకరి పని కాదు, ఎవరికి కావలసినది వారు పెట్టుకోవచ్చును. రెండవది, మీ పిల్లవాడు తోటి ఉద్యోగిని, కొరియావాడైనా పక్క వీధివాడైనా, ఇంటికి తెస్తానంటే "మన ఇంట్లో ఏమున్నదని?" అనవద్దు. గోంగూర పచ్చడి, కోడికూర, వేడి అన్నము చాలును. కారము కొంచెము తగ్గించండి, ఒక చెంచా ఇవ్వండి, మీరు కూడ ప్రక్కన కూర్చొని తినండి.