ముర్రీ మరణాలు.. కారులో నిద్ర

2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచులో చిక్కుకున్న కార్లలో 20 మందికి పైగా చనిపోయారు. చలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా కారణమని అప్పట్లో వార్తలొచ్చాయి. మంచు సైలెన్సర్ గొట్టాన్ని మూసేస్తే, హీటర్ కోసం నడిపే ఇంజిన్ పొగ కారు లోపలికి చేరుతుంది. ఆ గ్యాస్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నోడికి అస్సలు తెలియదు.

మన దగ్గర మంచు పడదు కదా అంటారా? షికాగోలో మన హైదరాబాదీ పిల్లలు ఎంతమంది లేరు! కారు స్టార్ట్ చేసే ముందు వెనక గొట్టం చుట్టూ మంచు తీసెయ్యమని ఫోన్‌లో చెప్పండి. ఇక్కడైతే క్యాబ్ డ్రైవర్ల సంగతి చూడాలి. రాత్రి సవారీ కోసం కాచుకుంటూ అద్దాలు మూసి, ఏసీ వేసుకుని కునుకు తీస్తారు. సైలెన్సర్‌కు చిల్లున్నా, బండి మూసిన షెడ్డులో ఉన్నా అదే ప్రమాదం. వాళ్లను తిట్టి ఏం లాభం? పడుకోడానికి ఇంకో చోటు ఎవరిచ్చారు?

ఇక పొగమంచులో అద్దానికి ఆవిరి పడితే, డ్రైవింగ్‌లో గుడ్డతో తుడవొద్దు. రీసర్క్యులేషన్ తీసేసి, ఏసీ గాలిని అద్దం మీదికి తిప్పితే తేమ పోతుంది. పాటలంటారా, అంబులెన్స్ సైరన్ వినపడేంత సౌండ్ చాలు.