ఫోను అదురుకు అర్థముండవలెను



సెల్‌ఫోను చేతిలో అదిరి సంగతి తెలుపు ఏర్పాటు ఆటల యాప్‌లలో సరదా కావచ్చును. డబ్బు చెల్లించు యాప్‌లలో మాత్రము అది అవసరము. మా బరంపురము వంటి ఊళ్లలోని తెలుగు పెద్దలకు మరింత అవసరము.

ఇచ్చటి వృద్ధులలో పలువురు ఇంట తెలుగు మాటలాడుదురే గాని తెలుగు లిపి చదువలేరు. బడిలో ఒడియా నేర్చినవారు కొందరు, బడికే పోనివారు కొందరు. బ్యాంకు సందేశము తరచు ఇంగ్లీషులో వచ్చును. హోసూరులోను, బళ్లారిలోను బడి భాష మారునే గాని ఇబ్బంది మారదు. 2016లో యూపీఐ వచ్చిన పిదప కూరగాయల బజారులో సైతము చెల్లింపులు ఫోను మీదనే జరుగుచున్నవి. ఆ సందడిలో ఫోను పలుకు వినబడదు. చేతికి తెలియు అదురుకు లిపితో పనిలేదు, చెవితో పనిలేదు.

కాని వేలు నొక్కినపుడు, సొమ్ము చేరినపుడు, చేరనపుడు కూడ ఫోను ఒకే తీరున అదిరినచో ఏది ఏదో ఎట్లు తెలియును? చేరలేదనుకొని రెండవసారి పంపినచో సొమ్ము పోవును; చేరినదనుకొని వెడలిపోయినచో దుకాణదారుతో మాటపడవలెను.

ఇందుకు కొత్తగా కనిపెట్టవలసినదేమియు లేదు. సఫలము, హెచ్చరిక, విఫలము అను మూటికి వేర్వేరు అదురులను ఆపిల్ సంస్థ 2016లోనే యాప్‌లు చేయువారికి సమకూర్చినది. ఆండ్రాయిడ్‌లో 2020 నాటి 11వ కూర్పు నుండి అంగీకారమునకొకటి, తిరస్కారమునకొకటి ఉన్నవి. అయితే చవక ఫోనులలో సాధారణముగా ఒక ప్రక్క బరువున్న చిన్న మోటారు ఉండును. అది చప్పున తిరుగదు, చప్పున ఆగదు. అందుచేత సన్నని తేడాలు దానిలో కలిసిపోవును. కావున సొమ్ము చేరినచో ఒక్క దీర్ఘమైన అదురు, చేరనిచో విడివిడిగా మూడు చాలును. బ్యాంకు జవాబు వచ్చువరకు అసలు అదరరాదు. తెర మీది మాటయు, బొమ్మయు ఎటులను ఉండవలసినవే; అదురు వాటికి తోడు.

యాప్ మారినను ఈ అర్థము మారరాదు. ఒక్కొక్కరు ఒక్కొక్క పద్ధతి పెట్టినచో పెద్దలకు మరల మొదటి చిక్కే. యూపీఐని నడుపు నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు అన్ని యాప్‌లకు ఒకే నియమము ఏర్పరతురని ఆశించుచున్నాను.

— ఒక పాఠకుడు, బరంపురము