సూడాన్ మనకెందుకు అనేటోళ్లకు

పల్లీల నుంచి నూనె తీసినంక మిగిలే చెక్కను మనం బర్లకు పెడ్తం. సూడాన్ దేశంల ఎల్ ఫాషర్ అనే పట్నంల 2025ల మనుషులు అదే చెక్క తిని బతికిన్రు. వాళ్ల భాషల దాన్ని అంబాజ్ అంటరు. ఆర్‌ఎస్‌ఎఫ్ అనే సాయుధ దళం ఆ పట్నాన్ని ఐదు వందల రోజులకు పైగా ముట్టడి చేసింది. చుట్టూ మట్టికట్ట కూడా పోసింది. తిండిగింజలు లోపలికి పోవుడు బందయింది. ఆఖరికి ఆ చెక్క కూడా కొననీకి దొరకలే. అక్టోబర్ 26న పట్నం ఆర్‌ఎస్‌ఎఫ్ చేతిల పడ్డది. ఒక్క ప్రసూతి దవాఖానల్నే 460 మందికి పైగా, రోగులు, వాళ్ల ఎంబడి ఉన్నోళ్లు, హతమైన్రన్న సమాచారం వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

ఆ వారం మీ ఫోన్లల్లకు కూడా ఆ ముచ్చట వచ్చే ఉంటది. ఉపగ్రహం తీసిన ఫొటోలు, నేల మీద ఎర్ర మరకలు. చానా మంది స్టేటస్ పెట్టిన్రు. మల్ల వారానికి అంత మామూలే. దీన్ని చూసి పట్నం మేధావులు కొందరు “జనానికి దయ సచ్చిపోయింది” అని రాస్తరు. నేనైతే ఒప్పుకోను. దయ ఉన్నది. దాన్ని పట్టుకొని నడిపించే తొవ్వనే ఎవ్వలు ఎయ్యలేదు.

1971 సంగతి తీస్కోండ్రి. తూర్పు పాకిస్తాన్ల ఊచకోత జరుగుతుంటే దగ్గర దగ్గర కోటి మంది సరిహద్దు దాటి మన దేశానికి వచ్చిన్రు. వాళ్ల సాయం కోసమని సర్కారు ఆ ఏడు నవంబర్ నుంచి ఉత్తరాల మీద 5 పైసల స్టాంపు అదనంగా అతికియ్యాలని చెప్పింది. ఢాకా ఏ దిక్కున్నదో తెల్వని మన తాతలు కూడా ఆ 5 పైసలు కట్టిన్రు. అది తప్పనిసరి కాబట్టి కట్టిన్రు, నిజమే. అయితే ఆ స్టాంపు ఎందుకని అడిగితే చెప్పెటోడు పోస్టాఫీసు కాడ ఉండె, రేడియోల చెప్తుండె, పేపర్ల రాస్తుండె. ఎవలు సంపుతున్నరు, ఎందుకు సంపుతున్నరు, మనకేం సంబంధం అనేది ఊర్లకు చేరింది.

సూడాన్ విషయంల ఏమైంది? 2023 ఏప్రిల్ 15న యుద్ధం మొదలైంది. ఆపరేషన్ కావేరి పేరుతోటి మన సర్కారు దగ్గర దగ్గర 3,800 మంది భారతీయులను అక్కడికెళ్లి తోల్కొచ్చింది. అది మంచి పనే. ఆ కొన్ని దినాలు టీవీలల్ల సూడానే సూడాను. మనోళ్లు దిగంగనే కెమెరాలు కూడా దిగిపోయినయి. ఆ తర్వాత అక్కడ కోటికి పైగా మంది ఇండ్లు ఇడిసిన్రు. 2024 ఆగస్టుల జంజం శరణార్థి క్యాంపుల కరువు వచ్చిందని నిపుణుల కమిటీ ప్రకటించింది. కరువు అనే మాట వాళ్లు ఊకె వాడరు, దానికి లెక్కలుంటయి. మన టీవీల చర్చ ఏడ పెట్టిన్రు?

ఇంకో కారణం కూడా ఉన్నది, అది చెప్పనీకి మనోళ్లు జంకుతరు. ఆ యుద్ధంల రెండు దిక్కులా ఉన్నది ముస్లింలే. అంటే ఇక్కడ ఓట్ల పంచాయితీకి అక్కరకు రాదు. ఒక దిక్కు నిలబడి ఇంకో దిక్కును తిట్టనీకి సందు లేదు. అసొంటి సావులకు మన దగ్గర గిరాకీ లేదు.

ఇగ సాయం చేసే సంస్థల పద్ధతి. అమెరికాల 2007ల అచ్చయిన ఒక పరిశోధన ఉన్నది. మాలి దేశంల రోకియా అనే ఏడేండ్ల పిల్ల ఒక్కదాని గురించి చెప్తే జనం ఎక్కువ పైసలిచ్చిన్రు. లక్షల మంది లెక్క చెప్తే తక్కువిచ్చిన్రు. పిల్ల కథ చెప్పి దాని పక్కనే లెక్కలు కూడా పెడితే, అప్పుడు కూడా తగ్గించిన్రు. అందుకే బక్కసిక్కిన పిల్ల ఫొటో, కింద పైసలు పంపే నంబరు. పైసలు వస్తయి, కాదంటలేను. కానీ ఆ ఫొటోల తుపాకి కనవడదు, తుపాకి అమ్మినోడు కనవడడు. చూసినోడికి ఇది వానలు పడక వచ్చిన కరువే అనిపిస్తది. ఎల్ ఫాషర్ల జనం మాడింది వానలు లేక కాదు, మందిని కావాలని మాడ్చిన్రు.

మరి మన ఊరి పోరనికి ఏ మాట చెప్తే చెవిన పడ్తది? నన్నడిగితే బంగారం కాడ మొదలుపెట్టాలె. సూడాన్ల బంగారం మస్తు తవ్వుతరు. ఒక దిక్కు సైన్యాధిపతి బుర్హాన్, ఇంకో దిక్కు ఆర్‌ఎస్‌ఎఫ్ నాయకుడు హెమెడ్తీ. 2021 అక్టోబర్ల ఇద్దరు కలిసే సర్కారును కూల్చిన్రు, తర్వాత వాటాల కాడ చెడ్డది. ఇద్దరి యుద్ధానికి బంగారం పైసలే ఆసరా. ఆ బంగారం ఎక్కువ భాగం పోయేది దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశానికి. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఎమిరేట్స్ నుంచి ఆయుధాలు పోతున్నయన్న ఆరోపణలల్ల నమ్మదగ్గ సంగతులున్నయని ఐక్యరాజ్యసమితి నిపుణులు 2024ల రాసిన్రు. ఎమిరేట్స్ సర్కారు కాదంటది. సూడాన్ 2025ల అంతర్జాతీయ న్యాయస్థానానికి పోతే, విచారించే అధికారం మాకు లేదని కోర్టు కేసు కొట్టేసింది.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు దుబాయ్ అంటే తెల్వని ఇల్లు ఉన్నదా? దుబాయ్ నుంచి వచ్చిన గొలుసు లేని పెండ్లి ఉన్నదా? ఆ గొలుసు సూడాన్‌దే అని నేను అంటలేను. కరిగించినంక ఏ బంగారం ఏ మన్నుదో ఎవ్వలు చెప్పలేరు, వాళ్ల యాపారం నడిచేదే ఆ గుట్టు మీద.

రెండోది, అక్కడి పోరగాండ్ల కథ. 2018 డిసెంబర్ల అత్బారా పట్నంల రొట్టె ధర మూడింతలు పెరిగిందని జనం రోడ్డెక్కిన్రు. ముప్పై ఏండ్ల నుంచి కుర్చీల ఉన్న బషీర్ 2019 ఏప్రిల్ల దిగిపోయిండు. వాడవాడకు పోరాట కమిటీలు పెట్టుకున్నరు, మన దగ్గర ఊరూరికి జేఏసీలు పెట్టుకున్నట్టు. యుద్ధం వచ్చినంక ఆ పోరగాండ్లే ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్ అని పెట్టి బాంబుల నడుమ గంజి కాసి పోసిన్రు, గాయపడ్డోళ్లను మోసిన్రు. 2025ల అమెరికా సర్కారు విదేశీ సాయం ఆపంగనే వాళ్ల వంటశాలలు వందల కొద్ది మూతపడ్డయి. అదే ఏడు వాళ్లకు నార్వేల రాఫ్టో బహుమతి వచ్చింది. బహుమతితోటి గిన్నె నిండదు, అది వేరే ముచ్చట. గానీ సూడాన్ అంటే ఏడ్సుకుంట కూసున్న జనం కాదని మనోళ్లకు తెలియాలె. మనసొంటి పోరగాండ్లే, మనకన్న గట్టోళ్లు.

మొన్న ఒక మీటింగుల ఒక తమ్ముడు లేసి అడిగిండు: “అన్నా, మా ఊర్లనే వడ్లు కొనే దిక్కులేదు, సూడాన్ కథ మాకెందుకే?” సరైన ప్రశ్నే. వాని వడ్ల లారీ కదలకుంటే సూడాన్ గురించి ఆలోచించమని చెప్పే హక్కు నాకు లేదు. నేను చెప్పింది ఒక్కటే. నీ బాధ హైదరాబాదోనికి పట్టాలంటే నువ్వేం చేస్తవు? ధాన్యం రోడ్డు మీద పోస్తవు, ఎవడు కొంటలేడో పేరు పెట్టి అడుగుతవు. ఎల్ ఫాషరోళ్లు కూడా మన దయ అడుగుతలేరు, పేరు పెట్టి అడగమంటున్నరు.

హైదరాబాద్ల చదువుకునే సూడాన్ విద్యార్థులు ఏండ్ల నుంచి ఉన్నరు. పట్నంల ఉన్న తమ్ముళ్లు, చెల్లెండ్లు వాళ్లను ఒక్కసారి మీ హాస్టల్‌కు, మీ సంఘం మీటింగుకు పిలువుండ్రి. వాళ్ల నోట వినుండ్రి. ఊర్లల్ల ఉన్నోళ్లు మీ ఎంపీకి ఒక కాయితం రాసి ఇయ్యుండ్రి. పార్లమెంటుల ప్రశ్న అడుగుడు ఆయన పనే. ప్రశ్న కూడా నేనే రాసిస్తున్న, అట్లనే దించుకోండ్రి:

“ఐక్యరాజ్యసమితి ఆయుధాల నిషేధం 2004 నుంచి దార్ఫూర్ ప్రాంతానికే ఉన్నది. దాన్ని సూడాన్ అంతటికి పెంచాలని మన దేశం అడుగుతదా? 2022 ఒప్పందం కింద ఎమిరేట్స్ నుంచి తక్కువ సుంకంతోటి వచ్చే బంగారం ఏ గనిల తవ్విందో మన సర్కారు అడుగుతున్నదా, లేదా?”