పైనుండి చూచే పందెం

గోడాదరాలో మరమగ్గాలు నడిపే తెలంగాణ మిత్రుని ఇంటికి గత ఆదివారం వెళ్ళాము. పదవ తరగతి చదివే ఆయన కుమారుడు కంప్యూటరు మీద 'సైబర్ స్పిన్' అనే పాత కార్ల పందెం ఆడుతూ మాటిమాటికీ గోడకు గుద్దుకొంటున్నాడు. కొడుకు మగ్గం మీదికి రాకూడదన్నది తండ్రి పంతం. అందుకే ఆయనకు ఆటపై కోపం.

ఈ ఆటకు మూలం 1991లో జపాన్‌లో సన్‌రైజ్ సంస్థ నిర్మించిన 'సైబర్ ఫార్ములా' అనే కార్టూను ధారావాహిక. కథాకాలం 2015. బాలుడైన హయాతో నడిపే కారు తానే ఆలోచించి మాట్లాడుతుంది. దాని పేరు అసురాద (మనకు అసురుడు స్ఫురించక మానడు!). 1992లో టకారా సంస్థ దీనిని సూపర్ ఫామికామ్ యంత్రంపై ఆటగా తెచ్చింది.

కుర్రవాని ఓటమికి కారణమేమిటని లెక్క వేశాము. తెర ఎత్తు 224 చుక్కలు. కారు నడుమ ఉన్నదనుకుంటే ముందు కనిపించే దారి 112 చుక్కలే. సెకనుకు 60 చిత్రాలు. చిత్రానికి 8 చుక్కల చొప్పున దారి జరిగితే, కనిపించిన మలుపు పావు సెకనులోపే మీద పడుతుంది. కన్ను చూచి వేలు కదలడానికే దాదాపు అంత వ్యవధి కావాలి. కనుక దారిని కంఠస్థం చేయవలసిందే.

మిత్రుడు నవ్వి, "పోగు తెగినంక జూస్తే ఏం ఫాయిద సారూ? గుడ్డ ఖరాబే!" అన్నాడు. కొడుకును లేపి తాను కూర్చున్నాడు. తొలి మలుపులోనే గుద్దాడు.