వీధిదీపం మునిసిపాలిటీది, వైఫై ఎవరిది?

ప్రజా వైఫై పథకాల మీద వెలువడుతున్న కథనాలు ఎక్కువగా రెండు కారణాలు చెప్పి ముగుస్తున్నాయి. 2016 తర్వాత మొబైల్ డేటా కారుచౌక కావడంతో వీధిలో వైఫై అవసరం తీరిపోయిందన్నది ఒకటైతే, ఇంటర్నెట్ నడపడం ప్రభుత్వాలకు చేతకాదన్నది మరొకటి. 2018 నాటి జాతీయ డిజిటల్ కమ్యూనికేషన్ల విధానం 2020కల్లా 50 లక్షలు, 2022కల్లా కోటి హాట్‌స్పాట్‌లు లక్ష్యంగా పెట్టుకోగా, 2025 నాటికీ లెక్క కొద్ది లక్షల దగ్గరే ఉండిపోవడం ఈ వాదనలకు ఊతమిచ్చిన మాట నిజమే. అయితే ఏ స్థానిక సంస్థ తన పేరుతో, తన బాధ్యతతో వైఫై నడిపి చేతులెత్తేసిందన్న ప్రశ్న ఆ కథనాల్లో వెతికినా దొరకదు. హైదరాబాద్‌లో 2014లో సైబర్ టవర్స్ పరిసరాల్లో, 2015లో హుస్సేన్‌సాగర్ చుట్టూ వచ్చిన ఉచిత వైఫైల వెనుక ఉన్న లైసెన్సు మొదటిచోట ప్రైవేటు టెలికాం కంపెనీది, రెండోచోట బీఎస్ఎన్ఎల్‌ది. పరీక్షే రాయనివాడు తప్పాడని ఫలితాలు ప్రకటించిన తీరుగా ఉంది ఈ విమర్శ.

అసలు చిక్కు చట్టంలో ఉంది. వైఫైకి లైసెన్సు అక్కర్లేదన్న మాట తరచుగా వినబడుతుంది గాని, అందులో సగమే నిజం. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల వాడకాన్ని, ప్రసార శక్తి మీద పరిమితులు పెట్టి, లైసెన్సు నుంచి మినహాయించింది. ఆ మినహాయింపు రేడియో పరికరానికి, అంటే గాలిలో తరంగాన్ని వదిలే హక్కుకు సంబంధించినది మాత్రమే. ఆ తరంగం మీద పదిమందికి ఇంటర్నెట్ సేవ అందించాలంటే 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నాలుగో సెక్షన్ అడ్డు తగులుతుంది. టెలిగ్రాఫులను నెలకొల్పి నడిపే ప్రత్యేకాధికారం కేంద్రానిదేననీ, ఇతరులు దాని లైసెన్సుతోనే ఆ పని చేయాలనీ ఆ సెక్షన్ చెబుతుంది. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం దశలవారీగా పాత చట్టం స్థానంలోకి వస్తున్నా, లైసెన్సు అన్న మాట పోయి అధికార ధ్రువీకరణ అన్న మాట రావడమే తప్ప, అడగవలసింది కేంద్రాన్నే అన్న ఏర్పాటు మారలేదు. పాత చట్టంలో స్థానిక సంస్థకు దక్కిన పాత్ర స్థలం యజమాని పాత్ర. తన అధీనంలోని స్థలంలో స్తంభం పాతడానికి, తీగ లాగడానికి అనుమతి ఇవ్వడం, అందువల్ల తనకయ్యే ఖర్చు రాబట్టుకోవడం దాని పని. 1885లో పురపాలక సంఘమంటే వలస ప్రభుత్వం చేతికింది కార్యాలయం కనుక అంతకుమించి ఎవరూ ఆశించలేదు.

1992లో 73, 74వ రాజ్యాంగ సవరణలు వచ్చాక కూడా అదే దృష్టి కొనసాగడం సమర్థనీయం కాదు. పురపాలక సంఘాలకు రాష్ట్ర శాసనసభ అప్పగించగల విధులను 243డబ్ల్యూ అధికరణం పేర్కొంటూ, పన్నెండో షెడ్యూలులోని 18 అంశాలు ‘సహా’ అంటుంది. అంటే ఆ జాబితా ఉదాహరణే గాని హద్దు కాదు. జాబితాలోని 17వ అంశం వీధిదీపాలు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్‌స్టాపులు, మరుగుదొడ్లు సహా ప్రజా సౌకర్యాలు. ఇక్కడా అదే ‘సహా’. పార్కులు, ఉద్యానవనాలు, ఆటస్థలాల ‘వంటి’ సౌకర్యాలని చెప్పే 12వ అంశాన్ని అదే కోవకు చెందిన వాటికే పరిమితం చేసి చదవవచ్చు గాని, 17వ అంశాన్ని అలా కుదించడానికి ఆధారం కనిపించదు. వీధిలో నిలబడిన ప్రతివారికీ, ఇల్లున్నా లేకున్నా, పన్ను కట్టినా కట్టకున్నా అందేదే ప్రజా సౌకర్యమైతే, వీధిదీపం స్తంభానికే బిగించిన వైఫై పరికరం ఆ నిర్వచనంలోకి రాకపోవడానికి కారణం చెప్పవలసిన బాధ్యత కాదనేవారిదే. దీనికి నిధులెక్కడివన్న ప్రశ్న కూడా కొత్తది కాదు. 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చట్టం ఆస్తి పన్నులో దీపాల పన్నును ఒక భాగంగా పేర్కొంది. వీధి వెలుగుకు ఊరంతా కలిసి చెల్లించే పద్ధతి తెలుగు పట్టణాలకు పరిచితమే.

గ్రామ పంచాయతీల విషయంలో కొందరు ఉత్సాహవంతులు పదకొండో షెడ్యూలు 13వ అంశాన్ని చూపి, అందులో రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవుల తర్వాత ‘ఇతర కమ్యూనికేషన్ సాధనాలు’ అని ఉంది కదా అంటారు. ఆ వాదన నిలవదు, ఎందుకంటే ఆ వరుసలో ఆ మాటకు రాకపోకల మార్గాలనే అర్థం తప్ప మరొకటి పొసగదు. పంచాయతీకి కూడా ఆసరా 243జీ అధికరణంలోని ‘సహా’ నుంచే దొరుకుతుంది.

దీనికి ఎదురయ్యే ప్రధాన అభ్యంతరం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలోని 31వ అంశం. తంతి, తపాలా, టెలిఫోన్లు, వైర్‌లెస్, ప్రసారాలు అన్నీ పార్లమెంటు పరిధిలోనివని అది చెబుతున్నప్పుడు రాష్ట్ర శాసనసభ మునిసిపాలిటీకి ఆ పని ఎలా అప్పగిస్తుందన్నది ప్రశ్న. ఇక్కడ 2016 డిసెంబరులో అహ్మదాబాద్ నగరపాలక సంస్థ, జీటీఎల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జాగ్రత్తగా చదవాలి. సెల్ టవర్లు 31వ అంశం కిందికి వస్తాయి కనుక వాటిపై ఆస్తి పన్ను వేసే అధికారం రాష్ట్రానికి లేదన్న వాదనను గుజరాత్ హైకోర్టు అంగీకరించగా, సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చి, టవరు రాష్ట్ర జాబితా 49వ అంశంలోని ‘భూములు, భవనాలు’ పరిధిలోకి వస్తుందని తేల్చింది. తీర్పు పన్నుకు సంబంధించినదే అయినా, దాని వెనుక ఉన్న తర్కం పన్నుతో ఆగేది కాదు. టెలికాం వాసన తగిలినంత మాత్రాన రాష్ట్ర జాబితా ఆవిరైపోదు. స్థానిక సంస్థల అధికారాలు రాష్ట్ర జాబితా ఐదో అంశం. కేంద్రం అనుమతి పొంది వైఫై అందించే అధికారాన్ని మునిసిపాలిటీకి ఇచ్చే చట్టం సారాంశంలో స్థానిక స్వపరిపాలన చట్టమే అవుతుంది తప్ప టెలికాం చట్టం కాదు. ఆస్తిపై నెలకొల్పిన నెట్‌వర్క్‌ను ఆస్తి పన్ను అవసరాలకు సైతం ఆ ఆస్తిలో భాగంగా చూడరాదని 2023 చట్టం 14వ సెక్షన్‌లో చేర్చడం వెనుక ఈ తీర్పు నీడ ఉందనుకోవడంలో తప్పులేదు. స్థానిక సంస్థకు ఉన్న రెండు పాత అధికారాల్లో పన్ను మీద ఈ సెక్షన్, అనుమతి మీద 2016, 2024 మార్గ హక్కు (రైట్ ఆఫ్ వే) నిబంధనలు కత్తెర పెట్టాయి.

కేంద్రం అయిష్టతకు మరో మూలం ప్రసార రంగంలో ఉంది. రాష్ట్ర ప్రభుత్వాలనూ స్థానిక సంస్థలనూ ప్రసారాల్లోకి, కేబుల్ పంపిణీలోకి రానివ్వరాదని ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ, 2008లో సిఫారసు చేసి 2012లో పునరుద్ఘాటించింది. 2022 అక్టోబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ అదే అర్థం వచ్చే సూచనలు జారీ చేసింది. వార్తలు, వినోదం ఏవి చేరాలో అధికారంలో ఉన్న పక్షం నిర్ణయించకూడదన్న భయం అక్కడ సహేతుకం. అయితే ఇంటర్నెట్ సేవ దారి చూపుతుంది, సరుకు ఎంపిక చేయదు. ఆ తేడా కేంద్రానికి తెలియదనుకోలేం, ఎందుకంటే అదే 2022లో కేరళ ప్రభుత్వ ఫైబర్ సంస్థ కె-ఫోన్‌కు ఇంటర్నెట్ సేవల లైసెన్సు ఇచ్చింది. 2017 డిసెంబరులో లాంఛనంగా మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ సైతం కరెంటు స్తంభాల మీద ఫైబర్ లాగి, కేబుల్ ఆపరేటర్ల ద్వారా నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చింది. ఈ రెండింటిలోనూ యజమాని రాష్ట్రం. పంచాయతీ ప్రేక్షక స్థానంలోనే ఉంది.

ప్రభుత్వ నెట్‌వర్కులు విఫలమవుతాయనడానికి అమెరికాలోని ఫిలడెల్ఫియాను ఉదాహరించేవారు, అక్కడ నెట్‌వర్క్‌ను నిర్మించి సొంతం చేసుకున్నది ఎర్త్‌లింక్ అనే ప్రైవేటు కంపెనీ అనీ, 2008లో అది తప్పుకోవడంతోనే పథకం కూలిందనీ చెప్పరు. మన రైల్వే స్టేషన్లలో ఇందుకు సరిగ్గా విరుద్ధంగా జరిగింది. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లో గూగుల్ సహకారంతో మొదలై 2018 నాటికి 400 స్టేషన్లకు విస్తరించిన ఉచిత వైఫై, 2020లో గూగుల్ వైదొలగాలని నిర్ణయించినా ఆగలేదు. పట్టాల వెంబడి ఫైబరు, చేతిలో లైసెన్సు ప్రభుత్వ రంగ సంస్థ రైల్‌టెల్‌వి కావడమే ఇందుకు కారణం. డేటా చౌక కావడం వల్లే వైఫై చచ్చిపోయిందని గూగుల్ నిష్క్రమణ వేళ రాసినవారు ఈ రెండో అధ్యాయాన్ని చదవలేదు.

2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం, హాట్‌స్పాట్ నడిపే ‘పబ్లిక్ డేటా ఆఫీసు’కు లైసెన్సు, రుసుము, నమోదు అన్నీ తీసివేసి ద్వారం తెరిచిన మాట కాదనలేనిది. కాని ఆ ద్వారంలో గ్రామ పంచాయతీ టీ కొట్టు పక్కన మరో టీ కొట్టుగానే నిలబడింది. రెండూ పైనున్న సేవా సంస్థ దగ్గర బ్యాండ్‌విడ్త్ కొనుక్కోవాలి. ఆ కొనుగోలు ధర ఇళ్లకు ఇచ్చే కనెక్షన్ ధరకు ఎన్నో రెట్లుగా ఉండటంతో చిన్న ఆపరేటర్లు చితికిపోయాక, 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ధరకు రెట్టింపు మించరాదని ట్రాయ్ 2025 జూన్‌లో గాని ఆదేశించలేదు. కేంద్ర పథకమైన భారత్‌నెట్ ఫైబర్ పంచాయతీ కార్యాలయం గోడ దాకా వచ్చిన చోట కూడా, ఆ తీగ మీద పంచాయతీకి యజమాని హోదా లేదు. బహిరంగ వైఫైని ఎవరు ఎప్పుడు వాడారో తెలియకపోతే భద్రతకు ముప్పన్న మరో అభ్యంతరం కూడా ప్రస్తావనకు వస్తుంది. 2008 అహ్మదాబాద్ పేలుళ్ల ఈమెయిలు నవీ ముంబయిలోని ఒక ఇంటి రక్షణలేని వైఫై నుంచి వెళ్లాక, 2009లో టెలికాం శాఖ వినియోగదారుల గుర్తింపును తప్పనిసరి చేసింది. ఫోను నంబరు ఇచ్చి ఓటీపీ కొట్టే ఆ ఏర్పాటును కంపెనీ ఎంత పాటించగలదో మునిసిపాలిటీ కూడా అంతే పాటించగలదు.

ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. తెలంగాణ 2019 పురపాలక చట్టంలోనూ, ఆంధ్రప్రదేశ్ 1965 చట్టంలోనూ, రెండు రాష్ట్రాల పంచాయతీరాజ్ చట్టాల్లోనూ, ‘కేంద్రం అనుమతికి లోబడి బహిరంగ స్థలాల్లో ఇంటర్నెట్ సౌకర్యం కల్పించడం’ స్థానిక సంస్థ విధుల్లో ఒకటని ఒక్క క్లాజు చేరిస్తే, పంచాయతీ గాని మునిసిపాలిటీ గాని టెలికాం శాఖ ముందు దరఖాస్తుదారుగా నిలబడటానికి చట్టబద్ధమైన హోదా దొరుకుతుంది. అటువంటి క్లాజు 31వ అంశానికి విరుద్ధమని వాదించదలచినవారు, కేరళ రాష్ట్ర సంస్థకు 2022లో లైసెన్సు ఇచ్చినప్పుడు అడ్డురాని ఆ అంశం పంచాయతీ అడిగినప్పుడు మాత్రమే ఎలా అడ్డొస్తుందో ముందుగా వివరించవలసి ఉంటుంది.