“నడుస్తోంది కదా” అంటే చాలదు



మొన్న కోదాడలో ఒక మిత్రుని ఇంట చిన్న వాగ్వాదం జరిగింది. ఆయన మనవడు ల్యాప్‌టాప్‌లో బీబీసీ మైక్రో ఎమ్యులేటర్ తెరిచి, నా పాత నోటుపుస్తకంలోని ప్రోగ్రామును అందులో ఎక్కించాడు. 1980ల నడుమ, మిర్యాలగూడ దగ్గర నేను పనిచేసిన బడిలో లెక్కల మాస్టారూ నేనూ కలిసి రాసుకున్నది అది. గురులఘువులు వరుసగా కొడితే మూడేసిగా విడదీసి గణం పేరు చెబుతుంది. అక్షరానికొక బీప్. లఘువు తరువాత ఒక ఖాళీ ఫర్ లూప్, గురువు తరువాత దానికి రెండింతల లూప్ పెట్టి, పద్యపు నడక వినబడేటట్లు చేశాము.

మనవడి తెరమీద గణాలన్నీ సరిగానే వచ్చాయి. నడక రాలేదు. గురువూ లఘువూ రెప్పపాటులో దొర్లిపోయాయి. “అయితేనేం పంతులుగారూ, నడుస్తోంది కదా!” అన్నాడు మిత్రుడు. ఆ మాటమీదనే నా అభ్యంతరం.

1984లో కేంద్రప్రభుత్వం ‘క్లాస్’ పథకం పేరిట దేశంలో దాదాపు 250 బడులను ఎంచి కంప్యూటర్లు పెట్టించడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో ఏకార్న్ సంస్థ 1981లో విడుదల చేసిన బీబీసీ మైక్రో ఆ యంత్రం. 2 మెగాహెర్ట్జుల 6502 ప్రాసెసర్, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. దానిమీద మన పిల్లలూ పంతుళ్ళూ రాసినది ఏ కొంచెం మిగిలినా, ఇకమీదట దానికి సాక్ష్యం చెప్పవలసినవి ఎమ్యులేటర్లే. సాక్షి నమ్మదగినవాడా కాడా అని అడగవద్దా?

ఉత్పలమాలలో భ-ర-న-భ-భ-ర-వ గణాలు కుదిరి, పదవ అక్షరాన యతి తప్పితే దాన్ని పద్యమని ఒప్పుకొంటామా? క్లాస్ డార్మన్ రాసిన 6502 పరీక్ష చాలా ప్రసిద్ధమైనది. అది ఆజ్ఞల ఫలితాలను పరీక్షిస్తుంది గాని, ఏ ఆజ్ఞ ఎంతసేపు పట్టిందో చూడదు. గణాలు చూసి యతిని వదిలినట్లే. కాలం కూడా ఎందుకు తప్పకూడదో చూడండి. కెవిన్ ఎడ్వర్డ్స్ రాసిన కాపీ రక్షణ, పరుగెత్తే టైమరు విలువలతోనే ఆటలోని సంకేతాన్ని విప్పుతుంది. ఒక్క గడియారపు అడుగు తప్పితే అంతా గందరగోళం. జెఎస్‌బీబ్ ఎమ్యులేటర్ రాసిన మాట్ గాడ్‌బోల్ట్ దానినే గీటురాయిగా పెట్టుకున్నాడు. ప్రాసెసర్ 2 మెగాహెర్ట్జులదే అయినా, టైమర్లున్న 6522 చిప్పును పలకరించేటప్పుడు 1 మెగాహెర్ట్జు నడకకు అడుగు కలపాలి. అదీ లెక్కకు రావాలి.

ఇక దోషాల సంగతి. 6502లో పరోక్ష జంప్ ఆజ్ఞకు ఇచ్చిన చోటు 256 బైట్ల పుటలో చివరిదైతే, చిరునామా రెండో సగాన్ని తరువాతి పుట నుంచి కాక, అదే పుట మొదటి నుంచి తెచ్చుకుంటుంది. తప్పే. కాని ఎమ్యులేటర్ దానిని దిద్దరాదు. తాళపత్రంలోని పాఠాన్ని చెప్పకుండా సవరించే పరిష్కర్త పండితుడే కావచ్చు, సాక్షి మాత్రం కాడు.

“ఆటలాడుకొనేవారికి ఇదంతా ఎందుకు?” అంటారు. ఆటకు అక్కరలేదు, ఒప్పుకొంటాను. భద్రపరిచామని చెప్పుకొనేవారికి కావాలి. ఎమ్యులేటర్‌లోని టైమ్‌తోనే దాని వేగాన్ని కొలిచి బాగుందనడమూ పరీక్ష కాదు. మిర్యాలగూడ బియ్యపు మిల్లులో కాటాను సరిచూడడానికి ముద్రవేసిన తూనికరాళ్ళు తెస్తారు, ఆ కాటామీద తూచిన బస్తాను కాదు. మన తూనికరాయి అసలు యంత్రమే. అది పాతసామాను బండి ఎక్కిపోతే ఇక దేనితో సరిచూస్తాము? నేను పనిచేసిన బడిలో యంత్రం అలాగే పోయింది. ఆనాడు నేనూ నోరు మెదపలేదు.

కనుక సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పంతుళ్ళకు నా మనవి. మీ బడి సామాన్లగదిలో అటువంటి పెట్టె ఏదైనా ఉంటే అమ్మనీయకండి. తొందరపడి ప్లగ్గు కూడా పెట్టకండి. పవర్ సప్లైలోని పాత రీఫా కెపాసిటర్లు పగిలి పొగచిమ్మడం ఈ యంత్రానికి మామూలు. తెలిసిన మెకానిక్కుచేత వాటిని ముందు మార్పించండి. తరువాత ఒకే ప్రోగ్రామును యంత్రంమీదా ఎమ్యులేటర్‌లోనూ నడిపి, చేతిగడియారం పట్టుకొని రెండు కాలాలూ రాసిపెట్టండి.

నా నోటుపుస్తకం సిద్ధంగా ఉంది. యంత్రం ఎక్కడుందో చెబితే బస్సెక్కి వస్తాను.